కమానులు లేని బండి
(ప్రసంగ పాఠము)

రెండు తాటిబుర్రలు తెచ్చి, వాటి నడుమ ఒక పుల్ల గుచ్చి, పంగల కర్రతో ముందుకు నెట్టుకొంటూ వీధి ఆ కొస నుండి ఈ కొస వరకు పరుగెత్తిన బాల్యము మనలో చాలమందికి ఉన్నది. ఆ బండికి ఎద్దు లేదు, గుర్రము లేదు, ఇంజను లేదు. అది మనలను మోయదు. మనమే దానిని తోస్తాము. అయినా దాని వెంట పరుగెత్తేటప్పుడు కలిగిన వేగానుభవము తరువాతి కాలములో రైలు ప్రయాణము చేసినప్పుడు కూడ మనకు కలిగి ఉండదు. వేగము గడియారమునుబట్టి మాత్రమే తెలిసేది కాదు. నేలకు ఎంత దగ్గరగా ఉంటే అంత ఎక్కువగా తోచే గుణము దానికి ఉన్నది.

కార్టు అనే పందెపు బండి ఈ రహస్యము మీదనే నిలబడి ఉన్నది. నాలుగు చిన్న చక్రములు, ఇనుప గొట్టములను అతికి చేసిన ఒక చట్రము, దాని మీద ఒక కుర్చీ, వెనుకనో ప్రక్కనో ఒక చిన్న ఇంజను - ఇంతే దాని సర్వస్వము. పైకప్పు లేదు, తలుపులు లేవు. చాల బండ్లకు గేరుపెట్టె సైతము లేదు. అన్నింటికంటె విశేషమేమంటే దానికి కమానులు లేవు. లారీ క్రింద ఉండే ఉక్కుపట్టీలు గాని, కారు క్రింద ఉండే చుట్టల స్ప్రింగులు గాని, కుదుపును తాము మ్రింగి మనకు సుఖము కలిగించే సాధనమేదియు అందులో కనిపించదు. కూర్చున్నవాని నడుము నేలకు జానెడు ఎత్తున కూడ ఉండదు. ఫార్ములా వన్ పందెములలో ప్రపంచ విజేతలైన ప్రోస్ట్, సెన్నా, షూమాకర్ - ఈ ముగ్గురును చిన్నతనములో స్టీరింగు పట్టనేర్చినది ఇటువంటి బండి మీదనే.

పందెము గెలిచినవాని పేరు పత్రికలలో పడుతుంది. అతని క్రింద ఉన్న చట్రమును కోసి, వంచి, అతికినవాని పేరు సాధారణముగా ఎవరికీ తెలియదు. మెకానిక్కులు ఛాసీ అని పిలిచే ఆ చట్రమును నిర్మించినవారి కథను, అందులోను ఉత్తర అమెరికాలో ఈ బండిని కని, పేరు పెట్టి, ప్రపంచమునకు అప్పగించినవారి కథను నేడు చెప్పదలచుకొన్నాను. కన్నవారి చేతులలోనుండి బిడ్డ ఎట్లు దాటిపోయినదో, దాటిపోయిన తరువాత వారికి ఏమి మిగిలినదో కూడ ఇందులో ఉన్నది.

1956వ సంవత్సరము. కాలిఫోర్నియా రాష్ట్రములోని లాస్ ఏంజలిస్ నగరము. ఆ పరిసరములలో ఆనాడు పందెపు కార్లు నిర్మించే కార్ఖానాలు అనేకము ఉండేవి. వాటిలో ఫ్రాంక్ కర్టిస్ అనే నిపుణుడు నెలకొల్పిన కర్టిస్ క్రాఫ్ట్ కార్ఖానా పేరెన్నిక గన్నది. ఇండియానాపొలిస్‌లో ఏటేటా జరిగే 500 మైళ్ల మహాపందెమును 1950 నుండి 1955 వరకు గల ఆరు సంవత్సరములలో ఐదు పర్యాయములు గెలిచినవి ఆ కార్ఖానాలో తయారైన కార్లే. అక్కడ పనిచేసే ఆర్ట్ ఇంగెల్స్ అనే అతడు పగలంతా పెద్ద పందెగాండ్ర కొరకు పెద్ద కార్లు చేసి, సాయంత్రము ఇల్లు చేరిన తరువాత ఎకో పార్కు పేటలోని తన గ్యారేజిలో తన సంతోషము కొరకు ఒక చిన్న బండి చేయ మొదలుపెట్టినాడు. లూ బొరెల్లీ అనే మిత్రుడు అతనికి తోడైనాడు.

ఇంజను ఎక్కడిది? విస్కాన్సిన్ రాష్ట్రములో వెస్ట్ బెండ్ అనే కంపెనీ ఉండేది. అల్యూమినియము వంటపాత్రలు చేయడములో దానికి ప్రసిద్ధి. ఆ కంపెనీయే చిన్న చిన్న ఇంజనులను కూడ తయారుచేసేది. ఇండ్ల ముందరి పచ్చికను కోసే యంత్రముల కొరకు చేయగా అమ్ముడుపోక మిగిలిపోయిన ఇంజనులు కొన్ని ఆ రోజులలో చవుకగా దొరికినవి. సుమారు రెండున్నర అశ్వశక్తి గల అటువంటి ఇంజనునొకదానిని ఇంగెల్స్ తన బండి వెనుక బిగించినాడు. అతడు భారీ మనిషి. పచ్చిక కోయడానికి పుట్టిన ఆ ఇంజను అంత బరువును లాగలేక అవస్థపడగా బొరెల్లీ దానిని సవరించి బలము హెచ్చించినాడు. ప్రపంచములోని మొట్టమొదటి కార్టు అట్లు నేలమీద నడిచినది. ఒక గొప్ప కార్ఖానాలో నేర్చిన చేయి, ఎవరికీ పనికిరాక పడి ఉన్న ఒక ఇంజను, పని ముగిసిన తరువాత మిగిలిన సాయంత్రములు - ఈ మూడింటి కలయిక అది.

సమీపమున పసడీనా పట్టణములో రోజ్ బౌల్ అనే పెద్ద క్రీడాప్రాంగణము ఉన్నది. ఆట లేని రోజులలో అక్కడ కార్లు నిలిపే విశాలమైన ఆవరణ ఖాళీగా ఉండేది. ఇంగెల్స్ తన బండిని అక్కడ నడిపి చూచినాడు. తరువాత పొమోనాలో కార్ల పందెములు జరిగినప్పుడు దానిని అక్కడికి తీసుకొనిపోయినాడు. పెద్ద కార్లు చూడవచ్చిన జనము ఈ చిన్న బండి చుట్టూ మూగినది. ఇటువంటిది నాకొకటి కావలెనని అనుకొన్నవారిలో డఫీ లివింగ్‌స్టోన్ ఒకడు.

లివింగ్‌స్టోన్ వృత్తిని ఇక్కడ గమనించవలసి ఉన్నది. మన్రోవియా అనే ఊరిలో రాయ్ డెస్‌బ్రోతో కలిసి అతడు మోటారు సైలెన్సర్ల దుకాణము నడిపేవాడు. కారు క్రింద మెలికలు తిరుగుతూ పోయే పొగగొట్టమును కొలిచి, కోసి, వంచి, అతకడము అతనికి నిత్యకృత్యము. కార్టు చట్రము కూడ గొట్టముల పనియే కదా! అందుచేత తన కొరకు ఒకటి, మిత్రుల కొరకు మరికొన్ని చేయడము అతనికి కష్టము కాలేదు. ఆదివారము వచ్చినదంటే రోజ్ బౌల్ ఆవరణలో చిన్న ఇంజనుల రొద వినిపించేది. కొంతకాలమునకు పోలీసులు అభ్యంతరము చెప్పగా వీరు వెస్ట్ కొవీనా అనే చోట ఈస్ట్‌లాండ్ అంగళ్ల సముదాయము ముందరి ఆవరణకు తరలిపోయినారు.

1957లో ఈ కాలక్షేపము వ్యాపారముగా మారినది. మిగిలిపోయిన వెస్ట్ బెండ్ ఇంజనులను సంపాదించగలిగిన బిల్ రౌల్స్ అనే అమ్మకపుదారుడు, లివింగ్‌స్టోన్, డెస్‌బ్రో - ఈ ముగ్గురును చేరి గో కార్ట్ మాన్యుఫాక్చరింగ్ కంపెనీని స్థాపించినారు. ఆ పేరు పెట్టినవాడు మోటారు పత్రికారంగములో పనిచేస్తూ ఉండిన లిన్ వైన్లాండ్ అని చెబుతారు. ఇంగ్లీషులో బండి అని అర్థమిచ్చే మాటకు మొదటి అక్షరమును మార్చి, ముందు ‘పద’ అనే అర్థము గల మాటను చేర్చగా గో కార్ట్ అయినది. సుమారు 130 డాలర్లకు విడిభాగములన్నీ ఒక కట్టగా కొనుగోలుదారు ఇంటికి వచ్చేవి; ఇంటివద్ద తండ్రియు కొడుకును కూర్చొని బిగించుకొనవచ్చును. మొదటి బండి చేసిన ఇంగెల్స్, బొరెల్లీ కూడ ఊరకుండలేదు. కరెట్టా అనే పేరుతో వారును బండ్లు చేసి అమ్మినారు. కాని జనుల నోట నిలిచినది మాత్రము గో కార్ట్ అనే మాటయే. అది ఎంతగా నిలిచినదంటే, కొంతకాలమునకు ఎవరు చేసిన బండినైనను లోకము ఆ పేరుతోనే పిలువసాగినది. ఒక దుకాణపు పేరు ఒక జాతి పేరుగా మారిపోయినది. కీర్తిలో ఇంతకు మించినది లేదు. వ్యాపారములో మాత్రము ఇది లాభమో నష్టమో చెప్పడము కష్టము.

ఆ సంవత్సరము డిసెంబరులోనే ఒక సంఘము కూడ ఏర్పడినది. అమెరికా గో కార్ట్ క్లబ్బు అని దానికి పేరు. ముందు చక్రమునకును వెనుక చక్రమునకును నడుమ దూరము 40 అంగుళములకు తగ్గరాదు, 50 అంగుళములకు మించరాదు అనే నియమము క్రమముగా స్థిరపడినది. చూడడానికి ఇది చాల చిన్న మాట. కాని ఆటవస్తువు క్రీడగా మారేది ఇటువంటి నియమము పుట్టినప్పుడే. కొలతలు సమానమైనప్పుడు గెలుపు ఓటములు నడిపేవాని నేర్పు మీదను, చట్రము చేసినవాని నేర్పు మీదను ఆధారపడతాయి. 1959లో ఆ కంపెనీవారు అజూసా అనే ఊరిలో తమ కార్ఖానా వద్ద కార్టుల కొరకే ఒక పందెపు బాటను నిర్మించినారు. అంతవరకు ఇతరుల ఆవరణలలో తిరిగిన బండికి సొంత ఇల్లు ఏర్పడినది.

చట్రము చేసినవాని నేర్పు అన్నాను. నాలుగు గొట్టములు అతకడములో అంత నేర్పు ఏమున్నదని మీకు తోచవచ్చును. ఈ కథకు ప్రాణమంతా ఇక్కడనే ఉన్నది కనుక కొంచెము నిదానముగా చూతము.

మన ఎద్దుబండికి ఇరుసు తిరగదు. దాని చివరల చక్రములు మాత్రమే, దేనికదిగా తిరుగుతాయి. బండి మలుపు తిరిగేటప్పుడు వెలుపలి చక్రము ఎక్కువ దూరము, లోపలి చక్రము తక్కువ దూరము పోవలసి ఉంటుంది. రెండును వేరువేరుగా తిరుగుతాయి కనుక ఇబ్బంది లేదు. మోటారు కారులో ఇంజను బలము రెండు చక్రములకును చేరవలెను, అవి వేరువేరు వేగములతో తిరగనూ వలెను; అందుకొరకు వెనుక ఇరుసు నడుమ డిఫరెన్షియల్ అనే పళ్ళచక్రముల పెట్టెను అమరుస్తారు. కార్టులో అది కూడ లేదు. తొలినాటి బండ్లలో కొన్నింటికి ఒక వెనుక చక్రమును మాత్రమే ఇంజను త్రిప్పేది. తరువాత రెండు వెనుక చక్రములను ఒకే ఉక్కు ఇరుసుకు గట్టిగా బిగించి, ఆ ఇరుసునే గొలుసుతో త్రిప్పే పద్ధతి స్థిరపడినది. రైలుపెట్టె చక్రముల వలె ఆ రెండును ఒకే వేగముతో తిరిగి తీరవలెను.

అట్లయితే మలుపులో ఏమి జరగవలెను? లోపలి చక్రము నేలను పట్టుకొని ఉన్నంతసేపు బండి తిన్నగా పోవడానికే పెనుగులాడుతుంది. అది నేలను విడిచినప్పుడే బండి సుఖముగా తిరుగుతుంది. కనుక మలుపులో ప్రవేశించగానే లోపలివైపు వెనుక చక్రము కొంచెముగా, ఒక్కొక్కప్పుడు ఒక కాగితము దూరునంత మాత్రమే, పైకి లేవవలెను. మలుపు దాటుతూ ఉండగానే తిరిగి నేలను తాకి బండిని ముందుకు నెట్టవలెను. దానిని పైకి లేపేవారెవరు? కమానులు లేవు, జాకీలు లేవు. ముందు చక్రములను కొంత వాలుగా అమర్చడము వలన స్టీరింగు త్రిప్పినప్పుడు లోపలి ముందు చక్రము క్రిందికి నొక్కుకొంటుంది. ఆ నొక్కుడుకు చట్రమంతయు తడిగుడ్డను పిండినట్లు ఒకింత మెలి తిరుగుతుంది. మెలి తిరిగిన చట్రము వెనుక చక్రమును పైకి ఎత్తుతుంది. అనగా కార్టులో కమాను లేదన్న మాట నిజము కాదు. చట్రమే దాని కమాను.

ఇప్పుడు నిర్మాత కష్టము అర్థమవుతుంది. గొట్టము మరీ బిరుసైనచో చక్రము అవసరమునకు మించి లేచి, ఆలస్యముగా దిగుతుంది. బండి గంతులు వేస్తుంది. మరీ మెత్తనైనచో చక్రము లేవనే లేవదు. బండి మలుపులో ఈడ్చుకొనిపోతుంది. గొట్టపు లావు, గోడ మందము, వంపు తిరిగే చోటు, అడ్డగొట్టము అతికిన స్థానము - వీటిలో ఏది మారినను నడక మారుతుంది. కుర్చీని బిగించే విధముతో కూడ చట్రపు గుణము మారిపోతుంది. ఏలననగా నడిపేవాడు తరచు బండియంత బరువు ఉంటాడు, కుర్చీ చట్రములో ఒక భాగమే అవుతుంది. అతుకు వేసేటప్పుడు కలిగే వేడికి ఇనుము తన ఇష్టము వచ్చినట్లు లాగుకొనిపోకుండ ముందుగానే బిగించి ఉంచవలెను. ఇవన్నీ లెక్కలలో కొంతవరకే దొరుకుతాయి. ఒకటి చేసి, బాట మీదికి తీసుకొనిపోయి, నడిపినవాని మాట విని, తిరిగి వచ్చి గొట్టమును అంగుళము జరిపి అతికినవానికే తక్కినది దొరుకుతుంది. వీణ చేసే వడ్రంగి పనసకొయ్యను గోటితో మీటి చూచినట్లు, మంచి చట్రకారుడు ఇనుము ఎంత వంగుతుందో, ఎంత త్వరగా తిరిగి నిలుస్తుందో చేతితో తెలుసుకొంటాడు.

ఈ నేర్పు పెరగడానికి తొలి సంవత్సరముల ఉత్సాహము ఎంతో తోడ్పడినది. అమెరికా అంతట చిన్న చిన్న అతుకుపని దుకాణములు కార్టుల నిర్మాణములో దిగినవి. ఒహాయో రాష్ట్రములోని మాన్స్‌ఫీల్డ్‌లో మికీ రప్ అనే యువకుడు డార్ట్ కార్ట్ అనే పేరుతో బండ్లు చేసినాడు. అతడు స్వయముగా పందెగాడు కూడ. 1965లో ఇండియానాపొలిస్ మహాపందెములో నడిపి ఆరవవాడుగా నిలిచినాడు. కార్టులను పుట్టించిన ఇంగెల్స్ ఆ పందెపు కార్లు చేసిన కార్ఖానా నుండి వచ్చినాడు. కార్టులు చేసి బ్రతికిన రప్ ఆ పందెములోనికి వెళ్లినాడు. ఆ బాట ఈ విధముగా రెండువైపులా నడిచినది.

ఇంజనుల సంగతి కూడ మారినది. చెట్లు కోసే గొలుసు రంపములకు ప్రసిద్ధమైన మెక్‌కల్లక్ కంపెనీ 1959లో తన రంపపు ఇంజనును సవరించి కార్టుల కొరకే ఎం.సి.10 అనే ఇంజనును విడుదల చేసినది. ఈ కంపెనీ అధిపతి రాబర్ట్ మెక్‌కల్లక్ విచిత్రమైన వ్యక్తి. 1968లో లండను నగరమువారు తమ పాత లండన్ బ్రిడ్జిని అమ్మకమునకు పెట్టగా దానిని కొని, రాయి రాయిగా విప్పించి, అరిజోనా ఎడారిలో తాను కట్టిస్తున్న లేక్ హవాసు నగరములో తిరిగి నిలబెట్టించినవాడు ఈయనే. అటువంటి ధనికుడు దిగిన తరువాత వేగము పెరిగినది. వేగము పెరిగినకొలది నిన్నటి చట్రము నేటికి చాలకపోయినది. పచ్చికకోత ఇంజనుకు సరిపోయిన గొట్టము రంపపు ఇంజను ముందు నిలువలేదు.

ప్రతి వేలంవెర్రికి ఒక మరునాడు ఉంటుంది. 1960వ దశకము మొదటి సంవత్సరములలోనే ఆ మరునాడు వచ్చినది. ఇంటికొక బండి కొన్నవారు కొన్నారు. కొననివారు మరొక వినోదము వైపు తిరిగినారు. చేసేవారు ఎక్కువ, కొనేవారు తక్కువ అయినారు. దుకాణములు ఒకటొకటిగా మూతపడినవి. లోకమునకు పేరు ఇచ్చిన గో కార్ట్ కంపెనీ కూడ ఆ అలలో కొట్టుకొనిపోయినది. రప్ కంపెనీ చిన్న మోటారుసైకిళ్లవైపు, మంచు మీద నడిచే బండ్లవైపు తిరిగినది. ఇంగెల్స్ 1981లో కన్నుమూసినాడు. తన గ్యారేజిలో పుట్టిన బండి అప్పటికే భూమండలమంతట పరుగులు తీస్తూ ఉన్నది.

అది సముద్రము దాటిన వైనము కూడ వినదగినది. 1950వ దశకము చివర బ్రిటన్‌లోని అమెరికన్ వైమానిక స్థావరములలో పనిచేసే సైనికులు తమతో ఈ బండ్లను తీసుకొనిపోయినారు. విమానములు దిగని వేళలలో అక్కడి సిమెంటు బాటల మీద నడిపినారు. స్థానికులు చూచినారు, తామును చేసుకొన్నారు. ఇటలీలో 1958లో ఆంటోనియో బోసియో టోనీ కార్ట్ కార్ఖానాను ఆరంభించినాడు. ఇంచుమించు అదే కాలములో ఉంబెర్టో సాలా బిరెల్ కార్ఖానాకు పునాది వేసినాడు. 1962లో అంతర్జాతీయ మోటారు సమాఖ్య కార్టుల కొరకు ఒక ప్రత్యేక సంఘమును నియమించినది. 1964లో రోములో మొదటి ప్రపంచ పోటీ జరిగినది; గెలిచినవాడు ఇటలీ దేశీయుడైన గైడో సాలా. బండి పుట్టి అప్పటికి ఎనిమిది సంవత్సరములు మాత్రమే అయినది.

ఆ తరువాత ఇటలీ చట్రములు ముందునకు వచ్చినవి. దీనికి కారణము అమెరికన్ పనివాని చేతకానితనము కాదు. ఐరోపాలో దేశములన్నీ ఒకే నియమావళి క్రింద పోటీ చేసేవి; చట్రము నమూనాను ముందుగా సంఘమునకు చూపి ఆమోదము పొందవలసి ఉండేది. అందుచేత ప్రతి నిర్మాతయు ఒకే లక్ష్యము మీద ఏండ్ల తరబడి సాధన చేసినాడు. ఇటలీ ఉత్తర భాగములో చట్రము చేసేవాడు, ఇంజను చేసేవాడు ఇరుగుపొరుగున ఉన్నారు. ఒకరి పని మారినప్పుడు మరొకరు వెంటనే తమ పనిని సరిదిద్దుకొనేవారు. నేలను ఎక్కువగా పట్టుకొనే మెత్తని టైర్లు వచ్చినప్పుడు చట్రమును వాటికి తగినట్లు మలచినవారు వీరు. టెక్నో అనే కార్ఖానా కార్టులతో ఆరంభించి 1972లో ఫార్ములా వన్ పందెములలోనికి కూడ ప్రవేశించినది.

అమెరికాలో పరిస్థితి వేరు. అది ఒక దేశమే అయినను పందెపు బాటలు పలు రకములు. మెలికలు తిరిగే చిన్న బాటలు కొన్ని. డేటోనా వంటి పెద్ద కార్ల బాటల మీద వెల్లకిల పడుకొని నడిపే దూరపు పందెములు కొన్ని. మట్టితో వేసిన అండాకారపు బాటలు మరికొన్ని. సంఘములు పెక్కు, నియమములు పెక్కు. ప్రతిదానికి వేరే చట్రము కావలెను. ఇందువలన ప్రపంచ పోటీలలో అమెరికన్ బండ్లు వెనుకబడిన మాట నిజమే. కాని దేశము లోపల చిన్న నిర్మాతకు నిలువ నీడ దొరికినదియు ఇందువలననే.

అండాకారపు మట్టిబాట ఇందుకు మంచి ఉదాహరణము. అక్కడ మలుపులన్నియు ఎడమవైపునకే. కుడివైపు తిరిగే అవసరమే లేని బండికి రెండు ప్రక్కలు సమానముగా ఉండవలసిన పని ఏమి? అందుచేత అక్కడి చట్రకారులు కుర్చీని ఎడమకు జరిపి, బరువును ఎడమకు చేర్చి, చూచేవారికి వంకర అనిపించే చట్రమును చేసినారు. చేయి తిరిగిన పని అది. దానిని చేయడములో ఐరోపావారితో పోటీ లేదు. ఆ బాట ఏ పేట చివర ఉన్నదో ఆ పేట దుకాణదారునికే అది తెలుస్తుంది.

నడిపేవారి విషయములో మాత్రము అమెరికాకు ఒక గొప్ప దినము వచ్చినది. 1978లో ఫ్రాన్సులోని లమాన్ పట్టణములో జరిగిన ప్రపంచ పోటీలో మిసిసిపీ రాష్ట్రమునకు చెందిన లేక్ స్పీడ్ విజేత అయినాడు. ఆ గౌరవము పొందిన మొదటి అమెరికన్ అతడే. స్పీడ్ అనేది అతని ఇంటిపేరే గాని పెట్టుకొన్న బిరుదు కాదు. ఆనాడు అతని వెనుక ఆరవ స్థానములో నిలిచిన బ్రెజిల్ యువకుడు అయర్టన్ సెన్నా. తరువాత మూడు పర్యాయములు ఫార్ములా వన్ ప్రపంచ విజేత అయిన సెన్నాకు కార్టులలో ప్రపంచ విజయము ఏనాడును దక్కలేదు. 1979లోను, 1980లోను రెండవ స్థానముతో తృప్తిపడవలసి వచ్చినది.

నిలిచిన నిర్మాతలలో ఒక్కరి సంగతి చెప్పి ముగిస్తాను. మిస్సోరీ రాష్ట్రములోని సెయింట్ లూయిస్ నగరములో 1964లో డాన్ ఫ్రీబర్ అనే అతడు మార్గే అనే పేరుతో ఒక కార్ఖానా ఆరంభించినాడు. అమెరికా ఖండపు అడవులలో చెట్ల మీద తిరిగే ఒక చిన్న చుక్కల పిల్లికి కూడ మార్గే అనే పేరు. ఆ కార్ఖానా ఆరంభమైన కాలమును గమనించండి. ఉత్సాహపు అల విరిగి, పెద్ద పెద్ద కంపెనీలు వెనుకకు తగ్గుతూ ఉన్న సమయమది. గుంపు వెళ్లిపోయిన తరువాత కూడ ఆట మానలేని కొద్దిమంది ఉంటారని, వారికి మంచి బండి కావలెనని ఫ్రీబర్ నమ్మినాడు. 2024 నాటికి ఆ కార్ఖానాకు అరువది సంవత్సరములు నిండినవి. అన్ని సంవత్సరములుగా అది అదే నగరములో కార్టు చట్రములు చేస్తూ వచ్చినది.

ఇటీవలి కాలములో అది చేసిన పని ఇంకను ఆలోచింపదగినది. పందెముల ఖర్చు పెరిగిపోయి, సామాన్య కుటుంబములవారు దూరమవుతూ ఉండగా, మిల్వాకీ నగరపు బ్రిగ్స్ అండ్ స్ట్రాటన్ కంపెనీవారి సాధారణమైన ఇంజనుతో నడిచే ఇగ్నైట్ అనే బండిని ఆ కార్ఖానావారు తయారుచేసినారు. బ్రిగ్స్ అండ్ స్ట్రాటన్ అంటే మరేమో కాదు. పచ్చికకోత యంత్రముల ఇంజనులకు పేరుబడిన కంపెనీ. అందరికీ ఒకే రకపు బండి, ఒకే రకపు ఇంజను. డబ్బు ఎక్కువ ఉన్నవానికి బలము ఎక్కువ దొరకదు. 1956లో ఇంగెల్స్ చేతికి దొరికినది పచ్చికకోత ఇంజను. రంపపు ఇంజనులు, నిమిషమునకు వేల చుట్లు తిరిగే పందెపు ఇంజనులు అన్నీ చూచిన తరువాత, తండ్రియు కొడుకును ఆదివారమునాడు ఆడుకొనవలెనంటే మరల ఆ వంశపు ఇంజను దగ్గరకే రావలసి వచ్చినది.

ఇంగెల్స్ ఓడినాడా, గెలిచినాడా? డబ్బు లెక్కలో చూచినచో బండి పుట్టించినవాని కంటె పేరు పెట్టినవారు, వారి కంటె ఇంజను అమ్మినవాడు, వీరందరి కంటె సముద్రము అవతల దానికి మెరుగు పెట్టినవారు ఎక్కువ పొందినారు. ఒక వస్తువును మొదట చేయడము వేరు, దానిని మేలుగా చేయడము వేరు, దానిని విడువక చేస్తూ ఉండడము వేరు. ఈ మూడును ఒక్కనికే దక్కడము అరుదు. మొదటిది ఇంగెల్స్‌కు దక్కినది, రెండవది ఇటలీవారిది, మూడవది సెయింట్ లూయిస్‌లోని కార్ఖానా వంటి వాటిది. లోకము మొదటివానిని ఆలస్యముగా స్మరిస్తుంది, రెండవవానికి బహుమతి ఇస్తుంది. మూడవవానిని మాత్రము, మలుపులో గొట్టము విరిగినప్పుడు, రాత్రి ఎంత ప్రొద్దుపోయినను తలుపు తట్టి లేపుతుంది. ఆ తలుపు తెరిచి, దీపము వెలిగించి, విరిగినచోట వ్రేలితో తడిమి చూచి, రేపు ఉదయమునకు అతికి ఇస్తానని చెప్పే మనిషి ఉన్నంతకాలము ఆ ఆట బ్రతికి ఉంటుంది.